మూడు వరుసల మార్పు

పిచిక సాధించిన మొదటి విజయం మూడంటే మూడు వరుసల మార్పు. దానికి ఆమోదం దొరకడానికి నాలుగుసార్లు పంపాల్సి వచ్చింది.

అంతకుముందు ఆమె సాధించినవీ తక్కువేమీ కావు. టైపింగులో ప్రథమ శ్రేణి. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒక్క రోజు సెలవు పెట్టకుండా రెండేళ్ళు, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. మనిషి పిట్టంత కనుక ఇంట్లో పెట్టిన ముద్దుపేరే ఆఫీసులోనూ నిలిచిపోయింది. ఆ చురుకు చూసే స్వయంగా రాసే పని అప్పగించారు: ఆసుపత్రి ప్రోగ్రాము ఒకటి, గ్రంథాలయం ప్రోగ్రాము ఒకటి.

చిక్కంతా అక్కడే వచ్చింది. వరుసను కాస్త లోపలికి జరపడానికి ఆసుపత్రి జట్టు దాని మొదట్లో ట్యాబ్ మీట కొడుతుంది. గ్రంథాలయం జట్టు రెండు ఖాళీలు వదులుతుంది. పిచిక కోడ్ రాసుకునే ఎడిటరేమో సేవ్ చేసినప్పుడల్లా ఫైలు మొత్తాన్ని ఒకే పద్ధతిలోకి సర్దేస్తుంది. ఒక ప్రోగ్రాము ఫోల్డరు నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా ఆమె సెట్టింగు చేత్తో మార్చుకునేది. భోజనం చేసి వచ్చాక మరిచిపోయేది.

ఆసుపత్రి ప్రోగ్రాము ఒకే సమయాన్ని ఇద్దరు రోగులకు ఇస్తున్న తప్పును ఆమె మూడు వరుసల్లో సరిదిద్దింది. కోడ్ పరిశీలించే పెద్దాయనను ఆఫీసంతా బాబాయ్ అంటారు. ఆయన తెరిచి చూస్తే రెండువేల నాలుగొందల వరుసలు మారి ఉన్నాయి.

"గది ఊడ్చమంటే ఇల్లంతా సున్నం కొట్టొచ్చావేంటమ్మా? నువ్వు దిద్దింది ఇందులో ఎక్కడని వెతకను?"

"మూడే మార్చాను బాబాయ్, ఒట్టు!"

"ఇది మూడోసారి. ఇంకోసారి ఇలాగే వచ్చిందంటే ఆసుపత్రి పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నేను అడ్డుపడలేను."

పిచిక ఆ రోజు భోజనానికి లేవలేదు. ఎడిటరు సహాయం పేజీలన్నీ వరుసపెట్టి చదివింది. సెట్టింగులు మనిషికే కాదు, ఫోల్డరుకూ ఉండొచ్చని అక్కడ రాసి ఉంది! ఆసుపత్రి ఫోల్డరులో ఓ చిన్న ఫైలు పెట్టింది: ట్యాబులు ఉండాలి, సర్దుడు వద్దు. గ్రంథాలయం ఫోల్డరులో ఇంకోటి: రెండు ఖాళీలు, సర్దుడు ఉండాలి. ఇక ఏది తెరిస్తే దాని పద్ధతే వస్తుంది. ఆ ఫైళ్ళను విడిగా పంపి, పాత కోడ్ మీద తన దిద్దుబాటు మళ్ళీ చేసి పంపింది.

సరిగ్గా మూడు వరుసలు. బాబాయ్ వెంటనే ఆమోదించాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి జట్టంతా గోల. "ఎవరి పనిది? నా తెర మీద అక్షరాలు గుమ్మడికాయల్లా ఉన్నాయి!"

తన కళ్ళకు హాయిగా ఉంటుందని పెట్టుకున్న పెద్ద అక్షరాలను కూడా పిచిక ఆ ఫోల్డరు ఫైల్లోనే రాసేసింది; అది జట్టులో అందరి తెరలకూ వర్తించింది.

"నేనూ చూసుకోకుండా సరేనన్నాను," అంటూ బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. "నాకైతే బానే ఉందిలే. కళ్ళజోడు తీసేశా."

పిచిక నవ్వుకుంటూ ఆ ఒక్క ముక్కనూ తన సొంత సెట్టింగుల్లోకి మార్చుకుంది.

ఇప్పుడు ఎనిమిది ఫోల్డరుల్లో ఆమె పెట్టిన ఫైళ్ళున్నాయి. ఆసుపత్రి ప్రోగ్రాము పూర్తిగా ఆమె చేతికే వచ్చింది. ఈ పద్ధతి నేర్పమని ఇంకో ఊళ్ళోని శాఖవాళ్ళు కబురు పెట్టారు.

"మరి నా ఆసుపత్రి పని?" అంది పిచిక, సంచి సర్దుకుంటూనే.

"దాని జోలికెవరొస్తారమ్మా! నీదే, వచ్చి చేసుకో," అన్నాడు బాబాయ్.

సోమవారం బయలుదేరింది. తిరిగి వచ్చేది మార్చి ఇరవై ఆరు, శుక్రవారం.