అమ్మ గిన్నెలో చింతగింజ

నా చిన్నప్పటి దిల్‌సుఖ్‌నగర్ వేసవులు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు తడారిపోతుంది. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, ఒక ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. తాగడానికి ఒక్క కుండెడు నీళ్లు. వాటితోనే నాన్న, నానమ్మ, అమ్మ, తమ్ముడు, నేను సరిపెట్టుకోవాలి.

ఆ వేసవిలో అమ్మ కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. ఒంట్లో నీరు లేదు, బాగా తాగించమని ఆసుపత్రిలో చెప్పారు. అడిగితే "తాగుతూనే ఉన్నానండీ" అనేది. నాన్న నమ్మేవాడు. మేమూ నమ్మేవాళ్లం. పొద్దెక్కేసరికి మళ్లీ గోడ పట్టుకుని నిలబడేది. అమ్మ చచ్చిపోతుందేమోనని నాకు ఒకటే ఏడుపు.

ఇంటి ఓనరు గారి అమ్మాయి మేడ మీద ఉండేది, కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఓ రోజు కిందికి దిగొచ్చి, "కాలేజీల పని ఇచ్చిండ్రు ఆంటీ. ఏ ఇంట్ల ఎన్ని నీళ్లు తాగుతుండ్రో చూడాలె" అంటూ మా ఒక్కొక్కరికీ ఒక గిన్నె, గుప్పెడు చింతగింజలు ఇచ్చింది. గ్లాసు నీళ్లు తాగినప్పుడల్లా ఎవరి గిన్నెలో వాళ్లు ఒక గింజ వేసుకోవాలి. గింజ వేసే సరదాకి తమ్ముడు మాటిమాటికీ తాగి నానమ్మ చేత చీవాట్లు తిన్నాడు.

సాయంత్రం నాన్న గిన్నెలన్నీ ఒకే పళ్లెంలో బోర్లించి, అందరికీ సమంగా పంచి లెక్కేసి, "పర్లేదే, మనిషికి సరిపోతున్నాయి" అని తేల్చేశాడు. అక్క వచ్చి ఆ పళ్లెం చూసి తల పట్టుకుంది.

"అయ్యో, అన్నీ ఎందుకు కలిపిండ్రు అంకుల్? సగటు తీస్తే అందరూ తాగినట్లే కనవడ్తది. రేపు ఎవరి గిన్నె వాళ్లకే ఉంచుండ్రి."

మర్నాడు సాయంత్రం గిన్నెలు వరుసగా పెట్టాం. అమ్మ గిన్నెలో ఒకే ఒక్క గింజ ఉంది. పని హడావిడిలో గింజ వేయడం మర్చిపోయానని అమ్మ నవ్వబోయింది.

"నువ్వు మర్చిపోయింది నీళ్లు తాగడమేనే! ఓసి నీ ఇల్లు బంగారం గానూ, మా అందరికీ పోసి నువ్వు గొంతెండబెట్టుకుంటున్నావా?" అని నానమ్మ గట్టిగా అరిచి, అంతలోనే కొంగు కళ్లకి అడ్డుపెట్టుకుంది.

నాన్న లేచి కుండలో నీళ్లు ముంచి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ నిలబడే గటగటా తాగేసింది. అంత దాహంతో మనిషి నీళ్లు తాగడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత అమ్మ గ్లాసు నిండకుండా నాన్న భోజనానికి కూర్చునేవాడు కాదు. కాలేజీలో అక్కకి అలాంటి పనేదీ ఇవ్వలేదనీ, అమ్మ పడిపోవడం మేడ మీంచి చూసి ఉండబట్టలేక వచ్చిందనీ చాలా ఏళ్లకి తెలిసింది.

పెద్దయ్యాక వానల లెక్కలూ, నదుల ప్రవాహాల అంచనాలే నా ఉద్యోగమయ్యాయి. సగటు వర్షం బాగుంది అని కాగితం మీద రాసుకున్న ఏడాదే మీర్‌పేట్‌లో ఇళ్లు మునిగేవి, బడంగ్‌పేట్‌లో జనం ట్యాంకర్ కోసం కాచుకునేవారు. విడివిడిగా చూడండి బాబూ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి రిటైరయ్యాను.

మొన్న ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ మీటింగులోనూ అదే పాట. మనిషికి సరిపడా నీళ్లు వస్తున్నాయని సెక్రటరీ గారు లెక్క చదివారు. మోకాళ్ల నొప్పులు, వాదించే ఓపిక లేదు. నాకెందుకులే అనుకుంటూనే లేచి నిలబడ్డాను.

"పై అంతస్తు వాళ్లకి వస్తున్నాయా?" అని అడిగాను.

వెనక వరుసలో చంటిబిడ్డతో అప్పటిదాకా తలొంచుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.