కింది అరలకు కాళ్లు

ఒమాన్‌లో, అల్ ఖౌద్‌లో ఒక కొత్త ఇంట్లో వంటగది పని దాదాపు అయిపోయింది. అరలు నిలబెట్టాను, తలుపులు సరిచేశాను, పైన రాయి పరిచేవాళ్లు వచ్చి పోయారు. ఇక స్కర్టింగ్ ఒక్కటే ఉంది. వంటింటి కింది అరలు నేలకు ఆనవు. జానెడు కన్నా తక్కువ ఎత్తున్న నల్ల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడతాయి. ఆ కాళ్లు కనబడకుండా, అడుక్కి చెత్త పోకుండా ముందు ఒక పలక బిగిస్తాం. నిలబడి వండేవాళ్ల కాలివేళ్లు తగలకుండా దాన్ని కాస్త లోపలికి పెడతాం. అదే స్కర్టింగ్. ఘాలాలో మా కంపెనీ వర్క్‌షాప్‌లో చేరినప్పటి నుంచి ఎన్ని ఇళ్లలో బిగించానో లెక్కలేదు. వంగి చూసే వాళ్లుండరు, అందుకే దాని గురించి ఎవరూ ఏమీ అనరు.

ఆ ఇంటి పెద్దామె అన్నది.

ఆమె యజమాని తల్లి. సూర్ అనే ఊరి నుంచి, కొడుకు కట్టుకున్న ఈ ఇంటికి అప్పుడే మారింది. ఇక్కడ ఇంటి పెద్దామెను పనివాళ్లంతా మామా అని పిలుస్తారు. మా జగిత్యాల దిక్కు మామ అంటే అమ్మకు అన్నో తమ్ముడో. మొదట్లో ఆ పిలుపుకు నాకు నోరు తిరిగేది కాదు. నేను చివరి పలక బిగించి లేస్తుంటే మామా గుమ్మంలో నిలబడి, అరల కిందికి వేలు చూపిస్తూ, "మిగూ? మిగూ?" అన్నది.

పనికి సరిపోయేంత అరబ్బీ నాకు వచ్చు. ఈ మాట మాత్రం ఎన్నడూ వినలేదు. కానీ చెవికి తెలుగులాగే తగిలింది. మిగిలిన చెక్క ఏదని అడుగుతున్నదనుకున్నాను. అలా అడిగేవాళ్లుంటారు. బయట పెట్టిన ముక్కలన్నీ ఎత్తుకొచ్చి ఆమె ముందు పరిచాను.

"లా, లా," అని తల అడ్డంగా ఊపింది. ఈసారి నా పాదాల వైపు చూపించి, గట్టిగా, "మిగూ!" అన్నది.

బూట్లు బయటే విడిచాను. మేజోళ్ల నిండా రంపపు పొట్టు. కొత్త ఇల్లు ఖరాబు చేస్తున్నానని అంటున్నదేమోనని సిగ్గనిపించింది. పెరట్లో నల్లా దగ్గరికి పోయి, మేజోళ్లు విప్పి, పాదాలు రుద్ది కడుక్కుని, తుడుచుకుని వచ్చాను. మామా నా పాదాలు చూసింది, నా ముఖం చూసింది, గోడకు చెయ్యి ఆనించుకుని ఒకటే నవ్వు. నాకు నవ్వాలో వద్దో తెలియక అట్లనే నిలబడ్డాను.

ఆ నవ్వు విని మేడ మీద ఇస్త్రీ చేస్తున్న అక్క దిగివచ్చింది. కడప మనిషి, ఈ ఇంట్లోనే పనిచేస్తుంది.

"ఏమైందన్నా?"

"నాకేం సమజైతలేదక్కా. మిగూ, మిగూ అంటున్నది. అరబ్బీల మిగూ అంటే ఏంది?"

"అది అరబ్బీ కాదులే. మామా పుట్టింది సముద్రం అవతల జాంజిబార్‌లో అంట. ఉన్నట్టుండి ఆడి బాసలోకి పోతాది. నాకు ఉప్పూ నూనె లాంటి మాటలే వచ్చు. ఇది తెల్దు."

మామా ఇక మాటలతో కాదనుకున్నట్టుంది. మా ఇద్దరినీ తన గదిలోకి తీసుకుపోయింది. అక్కడ మంచం పక్కన ఒక మందూస్ ఉంది. ఒమాన్ పాత ఇళ్లలో ఉండే చెక్కపెట్టె అది, ఒళ్లంతా ఇత్తడి మేకులు. నాలుగు గుండ్రటి పొట్టి కాళ్ల మీద నిలబడి ఉంది. మామా వంగి ఒక కాలిని అరచేత్తో తట్టింది. "మిగూ."

"కాళ్లన్నా! కాళ్లంటాంది!" అన్నది అక్క.

హమ్మయ్య అనుకున్నాను. కాళ్లే కదా, ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి ఒక పలక ఊడదీసి లోపలి ప్లాస్టిక్ కాళ్లు చూపించాను. మామా మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూసింది. అక్కతో ఈసారి అరబ్బీలో ఏదో అన్నది.

"ఉండే కాళ్లను ఎందుకు దాసిపెట్టినాడని అడగతాంది."

"అడుక్కు బొద్దింకలు పోతయని చెప్పక్కా."

"చెప్పినా. ఊడిస్తే పోవా అంటాంది."

వర్క్‌షాప్‌లో మా ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాను. పాకిస్తాన్ మనిషి, అందరం ఉస్తాద్ అంటాం. ఆయన ఉర్దూలో తాపీగా చెప్పాడు: ముందు చెక్కకాళ్లు పెట్టు, వాటి మధ్య కమానులా వంపు కోసిన పట్టీ పెట్టు, స్కర్టింగ్ వాటి వెనక ఉండనీ. చెక్కకాళ్లు చూడటానికి, ప్లాస్టిక్ కాళ్లు మోయడానికి. మామా కొడుకు కూడా, అమ్మ ఎలా అంటే అలా చెయ్యమన్నాడు.

మందూస్ కాళ్లను ఫోన్‌లో ఫోటో తీసుకుపోయి, అదే తీరులో లేత్ మీద తిప్పించి, రంగు కలిపి తెచ్చి బిగించాను. వరుస మొత్తం ఏదో పాత బీరువాలా కనిపించింది. నాకే ముచ్చటేసింది. మామా నేల మీద కూర్చుని కాళ్లన్నీ తడిమింది. తర్వాత కమాను కిందికి చెయ్యి పోనిచ్చింది. వేళ్లు వెనక పలకకు తగిలి టక్కుమన్నాయి. ఆమె ముఖం చిన్నబోయింది.

"మళ్లేమైందక్కా?"

"లోపల ఖాళీ ఏదంటాంది."

అందానికి పెట్టిన కాళ్ల వెనక ఖాళీతో ఏం పని? నాకు తల తిరిగింది. అయినా ఆమె చెయ్యి పెట్టిన చోట, పొయ్యి పక్క అర కింద స్కర్టింగ్ తీసి గోడ దాకా వెనక్కి జరిపాను. మామా లేచి గదిలోకి పోయి ఒక మడత చెక్క తెచ్చింది. విప్పితే చిన్న పీట. దాని ముందు పళ్లున్న ఇనుప నాలుక.

"కొబ్బరి కోరే పీట!" అన్నది అక్క.

మామా దాన్ని మళ్లీ మడిచి, కమాను కిందికి కాలితో నెట్టింది. లోపలికి పోయింది. బయటికి లాగి, మళ్లీ నెట్టింది.

"గింతకేనా?" అన్నాను.

మిగతా అరల కింద కూడా ఖాళీ చెయ్యమంటావా అని అక్కతో అడిగించాను. వద్దన్నది. అయితే అన్నింటికీ కాళ్లెందుకు? ఆమెకు కావలసింది అందమా, పీటకు చోటా? అక్కను అడిగితే, "నన్నడిగితే నాకేం తెల్సన్నా," అని ఇస్త్రీకి పోయింది.

కొన్నాళ్లకు మామా కూతురి వంటగదికి కూడా అవే కాళ్లు కావాలని కబురొచ్చింది. వెనక ఖాళీ ఉంచాలా అని మామా కొడుక్కు ఫోన్ చేసి అడిగాను.

"ఖాళీ ఎందుకు?" అన్నాడు.

అమ్మ పీట సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. ఊరికే అడిగానని ఫోన్ పెట్టేసి, కూతురింట్లో కూడా పొయ్యి పక్క అర కింద మాత్రం ఖాళీ ఉంచి వచ్చాను.