ఆరు కర్టెన్లు

లెవెల్ మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టేవాళ్లందరికీ తెలుసు. టైల్స్ పరచడంలో ఆయనకు చాదస్తం జాస్తి. నేల మీద గోళీ పెడితే దొర్లకూడదు, అంతే! దొర్లిందా, వరుసంతా పీకేసి మళ్లీ మొదలు. ముప్పయ్యేళ్లుగా ఎందరి ఇళ్లకో నేల పరిచాడు గానీ, సొంతానికి జానెడు చోటు లేదు పాపం. పెళ్లయ్యాక పదకొండు అద్దె కొంపలు మారాడు. మారిన ప్రతిసారీ ఆయన భార్య, బట్టలు కుట్టే మనిషి, పాత కర్టెన్లు విప్పి కొత్త కిటికీలకు అతుకులేసుకునేది. "మన కిటికీకని కొలిచి కుట్టే రోజు ఎప్పుడొస్తుందో" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది.

అలాంటప్పుడు ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. మూడు గదులు, ఆరు కిటికీలు, సగం ధర. సగమెందుకంటే, మొన్నటి వానలకు వెనక సందులో నేల ఉన్నట్టుండి కుంగి బావి అంత గొయ్యి పడింది. అడుగున రాయి కరిగి డొల్లవుతోందని, ఈ వరుస ఇళ్లకూ ఆ గండం ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చని పరీక్ష చేసినవాళ్లు చెప్పిపోయారు. ఉండకపోవచ్చన్న మాటనే పట్టుకుని వేలాడింది ఆవిడ.

"ఊళ్లో అందరి నేలా సరిచేశారు, మనది చేసుకోలేమా? ఒకసారి చూసి రండి. మీరు వద్దంటే వద్దు" అంది. అప్పటికే తను వెళ్లి కిటికీలన్నీ టేపుతో కొలుచుకొచ్చింది.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి సుత్తి పట్టుకుని వెళ్లాడు. ఇంటాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఒంటరి మనిషి. తలుపు తీసి మధ్య గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ మేస్త్రి కాళ్లు ఆగిపోయాయి. బూడిదరంగు టైళ్లు, గోడవారన సన్నటి నల్లగీత. తను పరిచిందే! బయట కొత్త గేటు, కొత్త రంగు చూసి ఇంటిని పోల్చుకోలేదు గానీ, తన చేత్తో పరిచిన నేలను మర్చిపోతాడా?

తొమ్మిదేళ్ల కిందట అప్పటి యజమాని పిలిపించాడు. గది మధ్యలో నాలుగు వేళ్ల పల్లం. ఎందుకు పడిందని మేస్త్రి అడగలేదు. పల్లం కనబడితే ఆయన చేతులు ఊరుకుంటాయా! తట్టలకొద్దీ సిమెంటు మాలు పోసి, సమం చేసి, పైన టైళ్లు పరిచి, గోళీ పెట్టి చూపించాడు. కదల్లేదు. యజమాని భుజం తట్టాడు. నెల తిరక్కుండా ఇల్లు అమ్మేశాడు.

ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని సుత్తి పిడితో తట్టాడు. గోడవారన గట్టిగా పలికింది. మధ్యకొచ్చేసరికి డొల్ల. జేబులోంచి గోళీ తీసి పెట్టాడు. అది మెల్లగా దొర్లుకుంటూ గది మధ్యకు పోయి ఆగింది.

"నేను కొన్నప్పుడు నేల అద్దంలా ఉండేది మేస్త్రీ! అది చూసే పడిపోయాను. ఎవరో మంచి పనివాడు. ఉన్నదంతా ఇందులోనే పోశాను" అన్నాడు డ్రైవరు.

మేస్త్రి గోళీ తీసి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ, "బాబాయ్, మధ్య గదిలో మాత్రం పడుకోకండి" అని మాత్రం అనగలిగాడు.

ఇంటికొచ్చేసరికి మిషన్ పక్కన ఆరు కర్టెన్లు ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి. నీలం గుడ్డ, అంచుకు పసుపు పట్టీ. ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. ఆయన దాచకుండా అంతా చెప్పేశాడు.

"పల్లం ఎందుకొచ్చిందయ్యా అని ఒక్క మాట అడిగుంటే! ఆ పెద్దాయన కొనేవాడు కాదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ పనివాడు మీరేనని ఆయనకు చెప్పారా?"

"లేదు."

"రేపు ఇద్దరం వెళ్లి చెబుదాం" అంది. లేచి కత్తెర తెచ్చింది. మొదటి కర్టెన్ మడత విప్పి, వాళ్ల అద్దె గది కిటికీకి ఆనించి చూసుకుంది. మూరెడు ఎక్కువుంది. సుద్దముక్క ఆయన చేతికిచ్చి, "తిన్నగా ఒక గీత గీయండి" అంది.

ఆయన గీసిన గీత పక్కకు ఒరిగిపోయింది. ఆవిడ చూసింది. ఆ వంకర గీత మీదనే కత్తిరించింది.