రెబెకా వెనక్కి తెచ్చిన కాగితం

రెబెకాది గద్వాల దగ్గరి వడ్డేపల్లి. తండ్రి దేవదాసు పుణె వైపు మట్టి పనులకు వలస పోతుంటే, ఆమె హాస్టళ్లలో చదువుకుంది. వనపర్తిలో నలుగురే పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. బోరు మోటరుకు కరెంటు రాగానే రైతుకు ఫోన్ చేసి తెలుగులో చెప్పే ప్రోగ్రాం ఆమె రాసిందే. యజమాని సుదర్శన్ దాని కోడ్‌ను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు సంగతి ఎవరికీ తట్టలేదు.

నాగర్‌కర్నూల్‌లో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే నవనీత ఆ కోడ్ చూసింది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోతే మోటరు కాలిపోకుండా దానంతటదే ఆగిపోయే భాగం రాసి పంపింది. రెబెకా సంబరంగా కలుపుకుంది.

రెండేళ్లకు ఒక పంపుల కంపెనీ ఆ ప్రోగ్రాం కావాలంటూ వచ్చింది. వాళ్ల వకీలు ముందుగా అడిగింది ఒకటే: "దీని లైసెన్సేది? కాపీరైటు ఎవరిది?"

సుదర్శన్ వారం రోజులు చదివి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ మార్చి ఇతరులకు ఇస్తే ఆ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి. మార్పులు దాచుకోదలచిన వాళ్లకు కంపెనీ వేరే లైసెన్సు ఇస్తుంది. అందుకు కోడ్ మొత్తం మీద హక్కు కంపెనీ చేతిలోనే ఉండాలి. నవనీత తన భాగాన్ని కంపెనీకి రాసిచ్చినట్టు ఒక కాగితం తయారుచేసి, సంతకం కోసం రెబెకాను పంపాడు.

నవనీత కాగితం రెండుసార్లు చదివింది.

"మా నాయిన మోటరు కాలిపోతే రాసిన ఇది, చెల్లె. వాడుకోండ్రి, ఎవలకన్న ఇయ్యుండ్రి. గని నాది కాదని ఎట్ల రాసియ్యాలె?"

రెబెకా సంతకం లేకుండానే కాగితం వెనక్కి తెచ్చింది.

"గట్లయితే ఆ భాగం తీసేసి నువ్వే మల్ల రాయి," అన్నాడు సుదర్శన్.

రెబెకా మూడు రోజులు కూర్చుంది. ఎన్నిసార్లు రాసినా నవనీత రాసిన వరుసలే వస్తున్నాయి.

"నాతోని కాదు సార్. చదివినదాన్ని చదవనట్టు ఎట్ల రాయాలె? ఆమెది ఆమెకే ఉండనీ. వాడుకునేతందుకు పర్మిషన్ అడుగుదాం."

సుదర్శన్ ఆ రోజంతా లైసెన్సు కాగితాలు మళ్లీ తిరగేశాడు. చివరికి కొత్త కాగితం రాయించాడు. ఎవరి కోడ్ మీద కాపీరైటు వాళ్లదే, లైసెన్సు మాత్రం అందరికీ ఒక్కటే. నవనీత వెంటనే సంతకం చేసింది.

రెబెకా జీతానికి రాసింది కాబట్టి ఆమె కోడ్ మాత్రం కంపెనీదే. ఆ సంగతి ఆ రోజు కొత్త కాగితం చదివినప్పుడే ఆమెకు తెలిసింది. బస్సులో ఇంటిదాకా అదే ఆలోచించింది. మర్నాడు అంది: "హక్కు మీదే సార్, కాదంటలేను. రాసినోళ్ల పేరన్న కోడ్ పైన పెట్టుండ్రి." సుదర్శన్ పెట్టించాడు.

మార్పులు దాచుకునే వేరే లైసెన్సు దొరకదని తేలాక పంపుల కంపెనీ మళ్లీ ఫోన్ చేయలేదు. సుదర్శన్ కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు.

వానాకాలంలో రాయచూర్ నుంచి ఒక మెకానిక్ ఈమెయిల్ వచ్చింది. ఆ ప్రోగ్రాం కన్నడలో మాట్లాడేలా మార్చి, మోటరు స్టార్టరు పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నాడట. లైసెన్సు ప్రకారం తన కోడ్ మొత్తం పంపాడు. అందులో, వోల్టేజీ తక్కువున్నప్పుడు మోటరు తిరగకుండా ఆపే ఉపాయం కూడా ఉంది. అది వీళ్లెవరికీ తట్టనిది.

సుదర్శన్ తెరమీద ఆ వరుసలు చదివి, "జర చూడు రెబెకా, ఎంత సక్కగ రాసిండు," అన్నాడు. వారం తిరగకముందే అది కృష్ణ ఒడ్డున బీచుపల్లి చుట్టుపక్కల మోటర్లలో పనిచేయసాగింది.