చేతికిచ్చిన కారం

అప్పట్లో మా తెనాలిలో ఎండాకాలం వచ్చిందని తెలియడానికి క్యాలెండరు చూడనక్కర్లేదు, వీధిలో ఎవరింట్లో ముందు తుమ్ములు మొదలయ్యాయో వింటే చాలు. రెండువేలు దాటిన కొత్తల్లో మాట ఇది. ఇంటింటికీ మిక్సీ వచ్చేసినా సంబారు కారం మాత్రం రోట్లో దంచాల్సిందేనని మా అమ్మ పట్టు. మిరపకాయలు డాబా మీద ఎండబెట్టడం, ధనియాలూ జీలకర్రా మెంతులూ విడివిడిగా వేయించడం, అన్నీ దంచి జల్లించి, చివర్లో ఉప్పూ వెల్లుల్లీ కలిపి, పురుగు పట్టకుండా కాస్త ఆముదం పట్టించి జాడీకెత్తడం, అదొక పెళ్ళంత పని. దానికోసం రేపల్లె నుంచి మా పెద్దమ్మ పాసింజరు బండెక్కి వచ్చేది. ఇద్దరూ కలిసి దంచిన ఆ కారం ఒక్క చెంచా పడితే చాలు, వంకాయ కూరకైనా దొండకాయ వేపుడుకైనా ఇంకో మసాలా అక్కర్లేదు.

అక్కచెల్లెళ్ళిద్దరిదీ చెరో విద్య. అమ్మది పాళ్ళు. గిద్దతో సోలతో కొలిచి, తల కొట్టి మరీ పోసేది (నాన్న ఆమెని "తక్కెడ" అనేవారు, ఆమె వంటింట్లో ఉన్నప్పుడు మాత్రమే). పెద్దమ్మది వేపు. మూకుడు ముందు కళ్ళు మూసుకుని కూర్చుని, "ఆగు... ఇంకాస్త ఆగు... ఆ, ఇప్పుడు దించు" అనేది. రంగు చూసేది కాదు, అంతా ముక్కుతోనే. అందుకే మా పిల్లలందరికీ ఆవిడ ముక్కు పెద్దమ్మ. ఇక నా పని తొడిమలు తీయడం, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుని ఏడవడం, చివర్లో రోటికి అంటుకున్న కారంలో వేడన్నం, నెయ్యి వేసి పెద్దమ్మ కలిపిపెట్టే ముద్దల కోసం అందరికంటే ముందు కూర్చోవడం.

నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో జరిగింది అసలు సంగతి. ఆ ఏడు కారం కాస్త చేదు తగిలింది. అమ్మ నాలిక మీద వేసుకుని, మొహం అదోలా పెట్టి, "ఇది మీ పెద్దమ్మకి రుచి చూపించు" అంది. పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది. ప్లేటు వెతకడానికి బద్ధకమేసి, చిటికెడు తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టేశాను. మేం చర్చికెళ్ళే వాళ్ళం, పిల్లి ఎదురొచ్చినా ఆగం, తుమ్మినా కూర్చోం. అయినా కారం చేతికిస్తే తగువులొస్తాయన్న ఒక్క మాట మాత్రం మా ఇంట్లో వాక్యంతో సమానం.

"చేతికిచ్చావేంటే" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వాళ్ళిద్దరూ ఏకమై అన్న ఆఖరి మాట అదే. తర్వాత అమ్మ, "మెంతులు మాడాయక్కా" అంది. పెద్దమ్మ, "నా ముక్కు ఏనాడూ తప్పలేదు. నువ్వే ఎక్కువ పోసుంటావు" అంది. "నా కొలతకి వంక పెడతావా?" "నా వేపుకి నువ్వు పెట్టలా?" ఆ మెంతుల్లోంచి ఎప్పటెప్పటి సంగతులో బయటికొచ్చాయి. సాయంత్రం బండికి పెద్దమ్మ తన వాటా జాడీ ఒళ్ళో పెట్టుకుని రేపల్లె వెళ్ళిపోయింది. తప్పు ఎవరిదన్నది తేలలేదు గానీ, కారణం నేనేనని మాత్రం బంధువులందరూ తేల్చేశారు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కలిసినా "బాగున్నావా", "బాగున్నా" అంతే. కారం ఎవరిది వాళ్ళే. నాకు బాపట్లలో ఒక స్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చి గది తీసుకున్నాక ఇద్దరూ పోటీపడి చెరో డబ్బా పంపేవారు. అమ్మ కారంలో పాళ్ళు అమర్చినట్టుండేవి గానీ, మాడతాయన్న భయంతో దేన్నీ సరిగ్గా వేయించేది కాదు, పచ్చివాసన. పెద్దమ్మ డబ్బా మూత తీస్తే పక్క గదుల వాళ్ళు కూడా "ఏం కూరండీ" అని అడిగేవారు, తింటే మాత్రం ఒకసారి ఉప్పు, ఒకసారి మంట. ఒకరోజు దొండకాయ వేపుడుకి ఏ డబ్బాలోనూ చాలినంత లేక (వంట నేర్చుకోని బద్ధకమని కూడా అనుకోండి) రెండూ కలిపి వేశాను. మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు తిరిగాయి. మంటకి కాదు. అది మా రోట్లో అన్నం రుచి.

వెంటనే రెండు ఊళ్ళకీ రాయబారం వెళ్ళాలనిపించింది. ఆ కలిపిన కారంలో మిగిలిన కాస్తా సీసాలో పోసుకుని ముందు తెనాలి వెళ్ళాను. అమ్మ అన్నంలో కలుపుకుని, ఒక ముద్ద తిని ఆగిపోయింది.

"వేపు అక్కది" అంది మెల్లిగా.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకమ్మా ఈ పంతం?"

"పెద్దది కదా, అదే పిలుస్తుందనుకున్నా."

మర్నాడు రేపల్లె. పెద్దమ్మ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, రెండుసార్లు గట్టిగా పీల్చి, మళ్ళీ మూత పెట్టేసింది. "చలికాలంలో పెద్ద జలుబు చేసిందే. తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. మల్లెపూలైనా ఒకటే, మురుక్కాలవైనా ఒకటే" అని నవ్వబోయింది. నాకు నవ్వు రాలేదు. "ఈ ఏడు కారం ఎలా పెట్టాలో తెలియట్లేదు. మీ అమ్మకి మాత్రం చెప్పకు" అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలియంది కాదు. స్టేషన్ దగ్గర బూత్‌లోంచే అమ్మకి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పేశాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించిందంతే. నేను మళ్ళీ పెద్దమ్మ ఇంటికే వచ్చి పడుకున్నాను.

పొద్దున్నే మొదటి బండికి అమ్మ దిగింది, చంకలో మిరపకాయల మూటతో. "మెంతులు నువ్వే వేయించాలి, నాకు రాదు" అని గుమ్మంలోనే చెప్పేసింది. పెద్దమ్మ మూకుడు ముందు పీట వేసుకుంది గానీ గరిటె అమ్మ చేతికే ఇచ్చింది.

"వాసనొచ్చిందా?"

"ఇంకా లేదక్కా."

"ఇప్పుడో?"

అమ్మకి కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి, పొగకే అనుకుందామంటే మెంతులకి అంత పొగ రాదు. ఆ నీళ్ళతో ఆవిడకీ ఏ వాసనా తెలియలేదు. "వచ్చిందక్కా" అని దించేసరికి మెంతులు నల్లగా అయిపోయి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే పారబోసేవారు. అమ్మ పారబోయలేదు, దంచేసింది. సాయంత్రం రోట్లో అన్నం కలిపి పెద్దమ్మే మొదటి ముద్ద తింది. ముక్కు పోయింది గానీ చేదు తెలిసే నాలిక ఉంది కదా.

"మాడ్చేశానక్కా" అంది అమ్మ తల దించుకుని.

"మాడలేదులేవే" అంది పెద్దమ్మ ఇంకో ముద్ద కలుపుతూ. "కాస్త ఎక్కువ పడ్డాయి, అంతే."

ఏడాది పొడుగునా ఆ చేదు కారమే తిన్నాం, ఒక్కరం కూడా వంక పెట్టలేదు. అలా కలిసి దంచే వేసవులు తర్వాత ఎన్నో రాలేదు. పెద్దమ్మ కన్నుమూసింది, అమ్మ రోలు దగ్గరికి వెళ్ళడం మానేసింది. పంతంలో పోయిన ఆ మధ్య ఏళ్ళ కారం తలుచుకుంటే నాకిప్పటికీ దిగులే. ఇప్పుడు నేనూ ప్యాకెట్ కారమే కొంటున్నాను. పిల్లలకి ఏ నమ్మకానికి ఏ ఆధారం ఉందో పాఠం చెప్పే టీచర్నే, అయినా పక్కింటావిడ చెంచాడు కారం అడిగితే గిన్నెలో వేసి గట్టు మీద పెట్టి, "తీసుకోండి" అంటాను. ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను గానీ, చేతికి మాత్రం ఇవ్వను.