ఏడో సాలుకు నీళ్లు పోసిన మేస్త్రీ

కడప దగ్గరి వ్యవసాయ క్షేత్రంలో పనిచేసిన మా మేస్త్రీ పోయిన మంగళవారం కన్నుమూశారని అక్కడి గుమాస్తా కార్డు రాశాడు. మూడు రోజులు జ్వరమట. కర్నూలులో నాకు ఆ కార్డు అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది.

ఆయన పేరు ఎన్నడూ పత్రికల్లో రాలేదు. నా పేరు ఒకసారి వచ్చేదే. రాకుండా చేసింది ఆయనే. అందుకు ఈరోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పరిశోధనలోకి కొత్తగా వచ్చిన, ముప్పై ఏళ్లు నిండనివాళ్లకు ఒక బహుమతి ప్రకటించారు. కరువును పైరు ఎలా తట్టుకుంటుందన్నది విషయం. నాకప్పుడు ఇరవై తొమ్మిది. కడప, రాయచోటి పల్లెలు తిరిగి పన్నెండు రకాల జొన్న విత్తనాలు తెచ్చి, ఆ క్షేత్రంలో రకానికొక సాలు చొప్పున వేశాను. పైరు మోకాలెత్తు అయ్యాక నీళ్లు ఆపేసి, ఏది నిలుస్తుందో చూడాలి. ఆ ఏడు వాన కూడా మొహం చాటేసింది.

మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. కూలీలను పిలవడం, ఎద్దులను చూసుకోవడం, పొలానికి కాపలా, అన్నీ ఆయనే. వాడిన మొక్క కనిపిస్తే ఆగి, వంగి, కాండాన్ని గోటితో గీరేవారు.

"లోపల పచ్చి ఉండాదంటే పాణం ఉన్నట్టే సారూ. ఆకును చూసి మోసపోవద్దు" అనేవారు. నేను నవ్వి, ఆకుల పొడవు కొలిచి రాసుకునేవాణ్ణి.

పదకొండు సాళ్లు మాడిపోయాయి. ఏడోది మాత్రం పచ్చగా నిలిచింది. దాని మీదే వ్యాసం రాశాను. పైఅధికారి మెచ్చుకుని సంతకం పెట్టారు. టపాలో వేసే ముందు, పొలంలో ఇంత కష్టపడిన మనిషి కదా అని మేస్త్రీని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాను. ఏడో సాలు మాట వచ్చేసరికి ఆయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"సారూ, దానికి నేను నీళ్లు పోసినా."

"ఎప్పుడు?"

"మూడు తూర్లు. పొద్దు గూకేటప్పుడు ఇంటికి పోతా పోతా. అది దావ పక్కనే కదా. ఎండిపోతాంటే చూస్తా ఉండలేకపోతి. కడవతో పోస్తి."

"ఎండనివ్వడమే మన పని అని చెప్పాను కదా మేస్త్రీ!"

"చెప్పినావు. శానా తప్పే. కానీ రేపు నువ్వు ఈ ఇత్తనాలు రైతులకు ఇస్తే, నమ్మి ఏసుకున్నోళ్ల గతేంది? అందుకే చెప్తాండా."

నిజం చెప్పాలంటే, ఆ పూట నేను ఆ వ్యాసాన్ని చింపలేదు. సంగతి మా ఇద్దరికే తెలుసు. రెండు రోజులు కవరు నా బల్ల మీదే ఉంది. ఆయన మళ్లీ ఒక్క మాట అడగలేదు. వచ్చి పని చేసుకుని పోయేవారు, అంతే. మూడోనాడు అధికారి దగ్గరికి వెళ్లి, పంపడం లేదన్నాను. కారణం చెప్పక తప్పలేదు. మేస్త్రీని పనిలోంచి తీసేస్తానని ఆయన లేచారు.

"ఆయన చెప్పకుంటే మనకు తెలిసేదే కాదు సార్" అన్నాను. అధికారి ఆ మాట అక్కడితో వదిలేశారు.

బహుమతి వేరొకరికి వచ్చింది. మరుసటి ఏటికి నాకు వయసు దాటిపోయింది. అయినా అవే విత్తనాలతో, అదే వరుసలో సాళ్లు మళ్లీ వేశాను. ఈసారి మేస్త్రీయే వచ్చి, "నీళ్లు ఆపినంక నన్ను ఆ దిక్కుకు పంపొద్దు సారూ. నా మీద నాకే నమ్మకం లేదు" అన్నారు. వాన పడేదాకా కంచె బయటి నుంచి, అర మైలు చుట్టు తిరిగి ఇంటికి పోయేవారు.

ఏడో సాలు అన్నిటికంటే ముందే ఎండిపోయింది. మూడోది ఆకులు చుట్టుకుపోయి, చచ్చినట్టే ఉంది. వంగి గోటితో గీరి చూశాను. పచ్చి ఉంది. వాన పడిన వారానికి కొత్త ఆకు వేసింది. కిందటి ఏడు దాన్ని కూడా మాడినవాటిలో రాసేసి దున్నించాను. ఇప్పుడు రాయచోటి వైపు కొందరు రైతులు ఆ జొన్నే వేసుకుంటున్నారు.

కొత్త ఆకు వేసిన రోజు మేస్త్రీని రమ్మన్నాను. గట్టు మీద చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి బురదలోకి దిగారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా సాలు వెంట మెల్లగా నడిచారు. ఏ మొక్కనూ ముట్టుకోలేదు. రెండు చేతులూ వీపు వెనక గట్టిగా పట్టుకుని ఉన్నారు.