బార దూరం దాటని అద్దం

లక్కెచ్ పోయినప్పుడు ఆమె కోసం ఏడ్చినవాళ్ళకంటే ఆమె ఫోటో చూసి గొణుక్కున్నవాళ్ళే ఎక్కువ. మన షిరో మెదా వీధిలో టెంటు వేశారు. చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. చెల్లెళ్ళు మధ్యలో నిలబడి ఫోటోని నెత్తి మీదికెత్తి గుండెలు బాదుకున్నారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఫోటో ఒక్కటే పద్ధతిగా లేదు. గుర్తింపు కార్డు మీదున్న గోరంత బొమ్మని ఇంజెరా రొట్టెలు వడ్డించే పళ్ళెమంత చేయించారు. కళ్ళెక్కడున్నాయో తెలీదు, ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు. పక్క వీధి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన చాలాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ పోయింది ఆయనా, ఆవిడా?" అని అడిగాడు.

ఆ మాట పక్కనే కూర్చున్న జెనెబెచ్ చెవిన పడింది.

ఇంటికి రాగానే, భుజం మీది శాలువా కూడా తియ్యకుండా మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, నేను పోతే మా చెల్లెళ్ళు ఏ ఫోటో పట్టుకుని ఏడుస్తారు?"

అస్రెస్ రేడియో తగ్గించాడు. "ఇప్పుడెందుకా మాట?"

"పోయాక అడగలేను కదా."

"కార్డు మీది ఉందిగా."

"అందులో నేను కోడిని దొంగిలించి దొరికిపోయినదానిలా ఉన్నాను. ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళు తీశావు. పెళ్ళాం మొహం ఒక్కటి తియ్యలేకపోయావు."

అది నిజమే. వయసులో ఉండగా అస్రెస్ పియాసా పేటలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేశాడు. ఆదివారాలు రష్యా కెమెరా మెళ్ళో వేసుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడు. జెనెబెచ్ కూడా వెళ్ళేది. పెళ్ళికూతురి మొహం మీద వెలుగు పడేలా తెల్ల దుప్పటి విప్పి పట్టుకుని నిలబడడం ఆమె పని. భుజాలు పడిపోయేదాకా పట్టుకునేది. అందుకే ఆ కాలపు ఫోటోల్లో చాలామంది ఆడవాళ్ళ మొహాలు వెలిగిపోతూ ఉంటాయి, వెలిగించిన మనిషి మాత్రం ఎక్కడా ఉండదు. ఆమె ఎప్పుడూ కెమెరాకి ఇవతలే.

తర్వాత ఫిల్ము కడిగే కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చేతికో ఫోను వచ్చింది. అస్రెస్‌కి పౌరుషం ఎక్కువ. పిలవని పెళ్ళికి వెళ్ళడమెందుకని కెమెరాని ఇనప్పెట్టెలో పెట్టి, నీళ్ళ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. పెట్టెలో కెమెరా లోపలి గుడ్డ తెర చివికిపోయింది, తోలుని ఎలకలు తిన్నాయి. లెన్స్ మాత్రం చెక్కు చెదరలేదు. అది వంటింటికి చేరింది. జెనెబెచ్‌కి చూపు తగ్గింది, కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. అందుకని లెన్స్‌ని తలకిందులుగా పట్టుకుని, దానిలోంచి చూస్తూ ఎర్రపప్పులో రాళ్ళు ఏరేది. అలా ఏళ్ళ తరబడి ఏరింది. వాళ్ళింట్లో పన్ను కింద రాయి పడ్డవాడు లేడు.

ఇప్పుడా లెన్స్ మీద అస్రెస్ కన్ను పడింది. కారణం వాళ్ళ కూతురు మహ్లెత్. ఉద్యోగానికని కొనుక్కున్న డిజిటల్ కెమెరాని ఇంట్లో వదిలేసి హవాసాకి వెళ్ళిపోయింది. దాని లెన్స్‌లో ఇసుక పోయి తిరగడం మానేసింది. అస్రెస్ దాన్ని ఊడదీశాడు, కెమెరాకున్న కంత వైపు కాసేపు చూశాడు, తర్వాత వంటింటి వైపు చూశాడు.

"జెనెబూ, ఆ అద్దం ఇలా ఇయ్యి."

"మరి నా పప్పు?"

"నీ ఫోటో కోసమేనే."

"పొద్దున నాది. మధ్యాహ్నం నించి నీది. ముందే చెప్తున్నా, నూనె మరకలు పడితే నన్ననకు."

పాత లెన్స్ మరతో బిగుస్తుంది, కొత్త కెమెరాకి మర లేదు. మధ్యలో రెంటినీ కలిపే ఇనప ఉంగరం ఒకటి కావాలి. అస్రెస్ మెర్కాతో పెద్ద బజారుకి వెళ్ళాడు. అక్కడ పాత ఇనుము సందులో బెద్రు అని ఒకడున్నాడు. వాడి లేత్ మిషన్ మీద ఎక్కని వస్తువు లేదు. ఉంగరం సంగతి చెప్తే, కొలతలు తీసుకుని, "రేపు రా గాషే" అన్నాడు. పెద్దవాళ్ళని మనం పిలిచే పిలుపే అది, కానీ బెద్రు నోట్లో అది ఎప్పుడూ కొంచెం జాలిగా వినబడుతుంది.

ఉంగరం వచ్చింది. లెన్స్ బిగించగానే అస్రెస్‌కి మతిపోయింది. చేతిలో ఆ బరువు, చూపుడువేలి కింద టక్ టక్‌మని పడే మెట్లు, తిప్పుతుంటే తేనెలో గరిటె తిప్పినట్టు మెత్తగా కదిలే ఇత్తడి. మంచులాంటి తెలుపులోంచి ఒక వస్తువు మెల్లగా తేలి బయటికి రావడం. ఫోనైతే నొక్కగానే అంతా చూపించేస్తుంది, దేన్నీ చూడనివ్వదు. కాఫీ కూజా పిడి ఫోటో తీశాడు. తాడు మీద ఆరేసిన సాక్స్ తీశాడు. నిమ్మకాయ తీశాడు. ఆ రోజు భోజనం చల్లారిపోయింది.

"నా ఫోటో అడిగితే నిమ్మకాయది తీస్తావేంటయ్యా?" అంది జెనెబెచ్.

"చెయ్యి తిరగాలి కదా. నీ మొహం మీద నేర్చుకోనా?"

మర్నాడు ఊరికి ఉత్తరాన కనబడే ఎంతోతో కొండకి గురిపెట్టాడు. కొండ మసక. లెన్స్‌ని చివరిదాకా తిప్పాడు. మసకే. వీధి చివర చర్చి మసక, ఎదురింటి గుమ్మం మసక. చేతులు రెండూ బారజాపితే ఎంతో, అంత దూరం దాటితే ఏదీ తేటపడడంలేదు. ఉంగరం మందంగా ఉంది, అదీ సంగతి. లెన్స్ ఉండాల్సిన చోటికంటే ముందుకు జరిగి కూర్చుంది.

మళ్ళీ మెర్కాతోకి పరిగెత్తాడు.

"ఏం చేశావురా? ఇది దూరం చూడ్డం లేదు!"

బెద్రు ఉంగరాన్ని బల్లకేసి కొట్టి చూపించాడు. "చూడు గాషే, లారీ ఇరుసులోంచి కోశా. పలచగా చేస్తే ముట్టుకుంటేనే విరుగుద్ది. ఇది నీ మనవలు కూడా వాడుకోవచ్చు."

"కెమెరా లారీ కాదురా!"

"ఈ ఊరి రోడ్ల మీదికొచ్చిన ప్రతిదీ లారీయే. సరే, వదిలెయ్యి, అరగదీసి ఇస్తా. కానీ కరెంటు లేదు. పండగయ్యాక రా."

వదిలేద్దామనే అనుకున్నాడు. ఉంగరాన్ని బల్ల మీదే ఉంచేశాడు కూడా. రెండడుగులు వేసి వెనక్కొచ్చి ఉంగరం జేబులో వేసుకున్నాడు. పండగదాకా కెమెరా లేకుండా ఉండడం అతని వల్ల కాలేదు. బెద్రు నవ్వాడు. "పెళ్ళికొడుకులా ఉన్నావు గాషే."

ఇక ఫోటో. జెనెబెచ్ జడలు వేయించుకుంది. అంచు కుట్టుపని ఉన్న తెల్ల బట్టలు కట్టుకుంది. మన వీధి మగ్గం మీద నేసినవే, బాగుంటాయి. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. అస్రెస్ స్టూడియో అలవాటు చొప్పున దూరంగా నిలబడ్డాడు. మసక. అడుగు ముందుకేశాడు. మసక. ఇంకా ముందుకొచ్చాడు.

"మీద పడతావా ఏం?" అంది.

"కదలకు."

అంతే, కొయ్యబారిపోయింది. మెడ బిగుసుకుంది, కళ్ళు పెద్దవయ్యాయి. అతను తిప్పుతాడు, ఆమె ఊపిరి బిగబడుతుంది, అతను ఇంకా తిప్పుతాడు, ఆమె దగ్గుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. అలా ఆ వారమంతా నడిచింది. కంచె అవతలి అసెగెదెచ్ రోజూ వచ్చి నిలబడి సలహాలిచ్చేది. "నవ్వవే! అలా కాదు. అది పన్ను నొప్పి. ఇంకోలా నవ్వు."

ఒక్కటి కూడా రాలేదు. కొన్ని మసక, మిగతావన్నీ పోలీసులు తీసినట్టున్నాయి. జెనెబెచ్ వాటిని కెమెరా వెనక చిన్న తెరలో చూసింది. బట్టలు మార్చుకుని, మడతపెట్టి, పెట్టెలో పెట్టింది. "పోనీలే. ఫోటో లేకుండానే ఏడవమని మా చెల్లెళ్ళకి చెప్తాలే."

తిట్టినా బాగుండేదనుకున్నాడు అస్రెస్. పోనీలే అన్న మాట రాత్రంతా పన్ను కింద రాయిలా తగులుతూనే ఉంది. ఊరందరి పెళ్ళాలనీ మహారాణుల్లా చూపించిన చెయ్యి ఇది. సొంత పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి చచ్చుబడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కుంపటి రాజేసి, కాఫీగింజలు వేయించి, మట్టి కూజాలో కాఫీ పెట్టింది. సాంబ్రాణి వేసింది. మొదటి గిన్నె తాగారు, రెండోది తాగారు. మూడోది మరుగుతుంటే చాటలో పప్పు పోసుకుని చిన్న పీట మీద కూర్చుంది. పాత గౌను, నెత్తికి గుడ్డ. కిటికీలోంచి వెలుగు వచ్చి సాంబ్రాణి పొగని పట్టుకుంది. అస్రెస్ కెమెరా తీశాడు.

"నా అద్దం ఇటియ్యి, పప్పుంది."

"మధ్యాహ్నం నాది. నువ్వే అన్నావు."

"సరే ఏడువు." చాట కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చిట్లించి చూస్తోంది. అతను తిప్పుతున్నాడు. అటు కొంచెం, ఇటు కొంచెం. ఆమె ఓర్చుకుని ఓర్చుకుని తలెత్తింది.

"ఎందుకయ్యా దాన్నట్టా పిండుతావు? నేను రాయి చూసేటప్పుడు తిప్పుతానా? నేనే వంగుతా. కనబడేదాకా వంగుతా. కనబడగానే ఆగుతా. అంతే కదా!"

అస్రెస్ చెయ్యి ఆగింది. వేళ్ళు లెన్స్ మీదినించి తీసేశాడు. ఒక కన్ను మూసుకుని, మోకాళ్ళ మీద నేల మీదికి దిగి, కెమెరా మొహానికి పెట్టుకుని మెల్లగా ముందుకు పాకడం మొదలుపెట్టాడు. కీళ్ళు పటుక్కుమన్నాయి. మోకాలు కాఫీలోకి పెట్టిన పేలాల గిన్నెకి తగిలి పేలాలన్నీ నేలపాలయ్యాయి. అయినా ఆగలేదు, వస్తూనే ఉన్నాడు, నీళ్ళ ఆఫీసు గుమాస్తా, పెద్దమనిషి, మనవలున్నవాడు, పిల్లిలా.

జెనెబెచ్ ముందు నోరు బిగబట్టింది. తర్వాత ఆగలేకపోయింది. చాట ఒళ్ళో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఊడిన పన్ను సందు కనబడేలా నవ్వింది. తెల్లటి మసకలోంచి ముందు ఆమె కనురెప్పలు తేలాయి, తర్వాత కళ్ళు. అతను ఆగాడు. నొక్కాడు.

పియాసాలో అచ్చు వేయించి, చట్రం కట్టించి తెచ్చాడు. ఆమె దాన్ని తలుపు దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసింది.

"పన్ను కనబడుతోంది."

"ఊఁ."

"నెత్తిన ఆ గుడ్డేంటి, పనిమనిషిలా?"

"ఊఁ."

"ఆగు, పట్టుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం." ఫోటోని రెండు చేతులా నెత్తి మీదికెత్తింది. అద్దం ముందుకెళ్ళి, అచ్చం తన పెద్ద చెల్లెలి గొంతు పెట్టి, "అయ్యో మా జెనెబూ! మా ఇంటి దీపమా! మాకు రాయిలేని పప్పు ఇక ఎవరు పెడతారే!" అని గుండె బాదుకుంది. గొంతు బాగానే పలికింది. మరీ బాగా పలికింది. కంచె అవతల దబ్బుమని ఏదో పడ్డ చప్పుడు. అసెగెదెచ్ జుట్టు విరబోసుకుని, శాలువా ఈడ్చుకుంటూ, గేటు దగ్గరనించే ఏడుస్తూ వచ్చి పడింది. గుమ్మంలో చచ్చిన మనిషి నిలబడి ఉంది.

"నీ నోరు పడిపోను! నా గుండె ఆగిపోయిందే!" అని తిట్టి, ఊపిరి తీసుకుని, ఫోటో లాక్కుని చూసింది. తిట్లు ఆగాయి. "ఇది నువ్వేనా? ఇలాగే ఉంటావు కదే నువ్వు. నేనెప్పుడూ..." మాట పూర్తి చెయ్యకుండా అస్రెస్ వైపు తిరిగింది. "అన్నా, నాకూ ఒకటి తియ్యవా? నా మీదికీ పాకొచ్చులే, ఏమనుకోను."

పండగ అయిపోయింది. బెద్రు కబురు పెట్టాడు, కరెంటొచ్చింది, ఉంగరం తెస్తే అరగదీస్తానని. అస్రెస్ వెళ్ళలేదు.

ఫోటోని గోడకి కొడదామని మేకు పట్టుకుంటే జెనెబెచ్ ఒప్పుకోలేదు. "గోడ మీదైతే పొగచూరుద్ది. అప్పటికి బాగుండాలి." తెల్ల బట్టల మడతలో చుట్టి పెట్టెలో పెట్టింది. మూత వేసి దాని మీదే కూర్చుంది.

"మరి నీది?" అంది.

"నాదేంటి?"

"నీ చెల్లెలు ఏం పట్టుకుని ఏడవాలి? ఆ నీళ్ళ ఆఫీసు కార్డా? ఇటు తే కెమెరా."

"నీకు రాదే."

"అలా కూర్చో. వెలుగులోకి జరుగు." కెమెరా అందుకుంది, లెన్స్‌ని అలవాటు కొద్దీ శాలువా కొంగుతో ఒకసారి తుడిచింది.

"తిప్పకు," అన్నాడు అస్రెస్.

"నాకు చెప్తున్నావా?" అంది, అప్పటికే అతని మీదికి వంగుతూ.